దుండగుడు కాదు, మా మరిది

2018లో నేను పాతపట్నం వైపు ఒక పోలీస్ స్టేషన్లో రైటర్ని. రైటరంటే కథలు రాసేవాడు కాదు, వచ్చినవాళ్లు చెప్పే ఫిర్యాదును కాగితం మీద పెట్టే హెడ్ కానిస్టేబుల్. అయితే నేను కథలూ రాశానని ఇప్పుడు ఒప్పుకోవాలి. కొట్టినవాడు ఎవరైనా సరే, నా కలానికి అతను దుండగుడు, అంటే దౌర్జన్యానికి దిగినవాడు. ఒకే పేజీలో ఆ మాట రెండోసారి వస్తే బాగుండదని ‘దౌర్జన్యపరుడు’ అనీ, ఇంకాస్త ఊపొస్తే ‘కిరాతకుడు’ అనీ మార్చేవాణ్ణి. స్టేషన్లో నన్ను నిఘంటువు అనేవారు. అది పొగడ్తే అనుకున్నాను.

ఒక ఉదయం సూరమ్మ అనే రైతు నుదుటి మీద నాలుగు కుట్లతో వచ్చింది. మడికి నీళ్లు పెట్టే వంతు దగ్గర మాటామాటా పెరిగి, మరిది అప్పన్న కావిడి బద్దతో కొట్టాడట. ఆవిడ చెప్తుండగానే నా చెయ్యి అలవాటుగా పరుగెత్తింది: ‘సదరు దుండగుడు చంపాలనే ఉద్దేశంతో మారణాయుధంతో దాడి చేసి...’

వేలిముద్ర కోసం ఇంకు ప్యాడ్ ముందుకు జరిపాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“సదివి ఇనిపించు బాబూ.”

చదివి వినిపించాలన్నది రూలే. పని ఒత్తిడిలో మేం దాటేసే రూలు. విసుక్కుంటూనే చదివాను.

“దుండగుడెవుడు? మా మరిది పేరు అప్పన్న.”

“కొట్టినవాణ్ణి అలాగే రాస్తామమ్మా.”

“మరి సంపడానికొచ్చినాడని నానెప్పుడు సెప్పినాను? ఒక్క దెబ్బేసినాడు. నెత్తురు సూసి ఆడే బద్ద పారేసి, నన్ను ఆటో ఎక్కించినాడు. అది రాయలేదేటి?”

రాయలేదు. అసలు అడగనే లేదు. నేను రాసింది రాసినట్టు వెళ్తే అది 307 సెక్షన్, అంటే హత్యాయత్నం. అప్పన్నకు బెయిలు కూడా అంత తొందరగా రాదు.

“అయితే వదిలెయ్యమంటావా?” అన్నాను ఉక్రోషంగా.

“వొదిలెయ్యమన్నేదు. కొట్టినందుకు కేసెట్టు. సెయ్యనిదానికెట్టకు.”

కాగితం చింపేసి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు మళ్లీ రాశాను. కేసు మామూలు గాయాల సెక్షన్ కిందికి వచ్చింది.

మధ్యాహ్నం అప్పన్నను పిలిపించి ఫిర్యాదు చదివాం. “అంతా అబద్ధం సార్” అన్నది ముద్దాయిల నోట మేం మొదట వినే మాట. ఇతను తల వంచుకున్నాడు.

“మా వొదిన ఉన్నదున్నట్టు సెప్పినాది బాబూ. కొట్టినాను.”

కోర్టులోనూ అదే చెప్పి, పడిన శిక్షకు తలొగ్గాడు. ఆరోజు కోర్టు వరండాలో సూరమ్మకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. “ఒక మనిషిని నా కలంతో అన్యాయంగా జైల్లో పెట్టబోయాను. నువ్వు ఆపావమ్మా” అన్నాను.

“నానేటి సేసినాను బాబూ? జరిగింది సెప్పినాను.”

ఆ తర్వాత చదివి వినిపించకుండా ఎవరి వేలిముద్రా తీసుకోలేదు. జరిగింది రాయడమే నా ఉద్యోగమని, పద్దెనిమిదేళ్ల సర్వీసు తర్వాత నాకు నేర్పింది సంతకం రాని సూరమ్మే.