ఆయన చెప్పిన ఊరు

మా ఆయన పోయిన నాలుగు నెలలకు నేను మళ్ళీ ఖతర్ వచ్చాను. శవంతో పాటు విమానంలో రాయచోటి వైపు మా ఊరికి వెళ్ళి, కర్మలు అయ్యాక కూతుర్ని మా అక్క ఇంట్లో ఉంచి తిరిగి వచ్చాను. దోహాలోని అబూ హమూర్‌లో నేను వంట చేసే ఇంటి మేడమ్ ఆ నాలుగు నెలలూ నా పని ఎవరికీ ఇవ్వలేదు. వచ్చిన రెండో వారం ఆమెను ఒక శుక్రవారం సెలవు అడిగాను.

"ఎక్కడికి?" అంది.

"మా ఆయన ఉన్న ఊరు చూసి వస్తాను" అన్నాను. సరే, వెళ్ళి రమ్మంది.

ఆయన దోహాలో తొమ్మిదేళ్ళు హౌస్ డ్రైవర్‌గా పనిచేశాడు. ఒకే నగరంలో ఉన్నా మేం కలిసేది నెలకు ఒక్క శుక్రవారం, రెండు మూడు గంటలు. తర్వాత షుగర్ వల్ల ఆయన చూపు తగ్గింది. లైసెన్సు రెన్యువల్‌కి వెళితే కంటి పరీక్షలో పోయింది. ఆయన యజమాని మంచివాడే. ఇంటికి పంపేయకుండా, ఎడారిలో తమ గొర్రెలు, ఒంటెలు ఉన్నచోట కాపలాకు పెట్టాడు. దోహాకు దక్షిణాన, మెసయీద్ దాటి లోపలికి వెళ్ళాలి. అక్కడికి వెళ్ళిన మర్నాడు సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు.

"యెట్ల ఉండాది ఆడ?" అని అడిగాను.

"ఊరు మే. చిన్న ఊరు. ఇరవై ఇండ్లు ఉంటాయి. మట్టి గోడలు, మన పాతిండ్ల మాదిరే. ఎనకాల ఇసుక కొండలు."

ఆ రోజు నుంచి ఏడాదికి పైగా రోజూ సాయంత్రం ఆ ఊరి సంగతులే. మసీదు పక్కన ఒక అంగడి ఉందట. అంగడి అతను సూడానీ, ముగ్గురు పిల్లల తండ్రి, డబ్బులు తీసుకోకుండా చాయ్ ఇస్తాడట. చివరి ఇంట్లో ఒక ముసలామె ఉందట. ఆమెకు ఒక కుంటి మేక. పొద్దున్నే ఈయనకు గిన్నెడు లబన్, మన మజ్జిగ లాంటిది, పంపుతుందట. బడి లేని రోజు పిల్లలు రేకు ముక్కల మీద కూర్చుని ఇసుక కొండ పైనుంచి జారతారట. ఒకసారి ఈయన్నీ జారమని పట్టుకు లాగారట. ఇవన్నీ నేను వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ వినేదాన్ని. విన్నవన్నీ మా కూతురికి ఫోన్లో చెప్పేదాన్ని. అప్పుడు ఆమె ఎనిమిదో తరగతి. "నాయన ఊర్లో ఈరోజు ఏం జరిగింది?" అనే అడిగేది ముందు. నేను తిన్నానా లేదా అన్నది తర్వాత.

"నేనూ ఒగసారి వస్తా" అని చాలాసార్లు అన్నాను. ఒకసారి గొర్రెలు ఈనుతున్నాయన్నాడు, ఒకసారి దారి ఇసుకలో పూడిపోయిందన్నాడు. ఫోటోలు పంపేవాడు, అన్నీ ఇసుకవే.

"ఎప్పుడు జూసినా ఇసుకేనా? ఆ ముసలామె ఫోటో తీసి పంపు."

"ఆడోళ్ళ ఫోటో తీస్తే ఊరుకుంటారా మే ఈడ?"

నిజమే కదా అనుకున్నాను. వీడియోలో మాట్లాడదామంటే అక్కడ సిగ్నల్ అంత లేదనేవాడు. కొన్నిసార్లు ఫోన్లో రొప్పుతూ ఉండేవాడు. ఎందుకని అడిగితే పిల్లోళ్ళతో ఆడినానని నవ్వేవాడు. పది నిమిషాలు ఆలస్యంగా చేస్తే మాత్రం నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ సూడానీ అంగట్లో కబుర్లలో పడి నన్ను మరిచిపోయినావని దెప్పేదాన్ని.

ఒకరోజు ఫోన్ రాలేదు. మర్నాడు పొద్దున, గడ్డీ నీళ్ళూ తీసుకెళ్ళే డ్రైవర్ చేశాడు. అమలాపురం వైపు మనిషి, మా ఆయన తర్వాత ఆ ఇంట్లో కారు నడిపేది ఆయనే. గుండె ఆగిపోయిందని, నిద్రలోనే పోయాడని చెప్పాడు. నేను మా ఆయన్ను చూసింది ఆసుపత్రి మార్చురీలో. తర్వాత పదిరోజులు శవాన్ని ఊరికి తీసుకెళ్ళే కాగితాల వెంట తిరగడమే సరిపోయింది. ఆయన ఉన్నచోటు గురించి నేను ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

అందుకే వెళ్ళాలనుకున్నాను. ఆయన్ను చివరిదాకా చూసుకున్నవాళ్ళు వాళ్ళే కదా, ఒక్కసారి వాళ్ళ ముందు నిలబడి చేతులు జోడించాలనిపించింది.

ఉత్త చేతులతో వెళ్ళలేను. ముందురోజు మధ్యాహ్నం పని మధ్యలో శనక్కాయలు వేయించి బెల్లం పాకం పట్టి ఉంటలు చేశాను. చవక వస్తువుల అంగడిలో ముసలామె కోసం ఒక నల్లటి శాలువా, పిల్లల కోసం బిస్కెట్లు, చాక్లెట్ పొట్లాలు కొన్నాను. ఇసుక కొండలు చూడాలంటే పెద్ద కార్లు మాట్లాడుకుని వెళతారు జనం. మా పక్క విల్లాలో హైదరాబాద్ వాళ్ళు అట్లాగే వెళ్ళొచ్చారు. నాకు అంత స్తోమత లేదు. రెండు బస్సులు మారి మెసయీద్‌లో దిగితే, అక్కడినుంచి తన పికప్‌లో తీసుకెళతానని ఆ డ్రైవర్ మాటిచ్చాడు. డబ్బా నిండా చిత్రాన్నం కూడా కలిపి పెట్టుకున్నాను.

బస్సులో ఎక్కువమంది క్యాంపులకు వెళ్ళే కూలీలు. సంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. పెళ్ళయిన కొత్తలో అత్తవారి ఊరికి వెళ్ళినప్పటిలా కొంచెం బెరుకుగా కూడా ఉంది. వాళ్ళకు నా గురించి ఆయన ఏం చెప్పి ఉంటాడో అనుకున్నాను.

మెసయీద్‌లో పికప్ ఎక్కగానే డ్రైవర్ నా సంచీ చూశాడు.

"ఏంటి చెల్లెమ్మా అంత బరువు?"

"పిల్లోళ్ళకు బిస్కెట్లు అన్నా. ఆ ముసలామెకు శాలువా."

ఆయన బండి నడుపుతూ నావైపు ఒకసారి చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. "ఏ ముసలామె?" అని అడిగాడు.

"చివరింట్లో ఉంటాది కదా, మేకామె."

తారు రోడ్డు అయిపోయి బండి ఇసుకలో పడ్డాక, "నీకు మీ ఆయన ఏం చెప్పాడో నాకు తెలీదమ్మా. వెళ్ళాక నువ్వే చూద్దువుగాని" అన్నాడు. నాకు అర్థం కాలేదు.

అరగంట తర్వాత బండి ఆగింది. ఇనుప వల కట్టిన ఒక దొడ్డి, రేకుల పాక, నీళ్ళ ట్యాంకు, తెల్లటి రేకు గది ఒకటి. దొడ్డిలో నలభై దాకా గొర్రెలు, అవతల నాలుగైదు ఒంటెలు. వెనక ఇసుక కొండ. గడ్డి దించడానికి ఆగాడనుకుని నేను బండిలోనే కూర్చున్నాను.

"దిగమ్మా. ఇదే" అన్నాడు.

"ఊరికి ఇంగా యెంత దూరం?"

ఆయన ఇంజిన్ ఆపేశాడు. అప్పటికి గదిలోంచి ఒక మనిషి బయటికి వచ్చాడు. మా ఆయన స్థానంలో వచ్చినవాడు, జగిత్యాల దిక్కు మనిషి, నలభై ఏళ్ళుంటాయి. నా మాట విన్నట్టున్నాడు.

"ఊరు యాడిదక్కా? గీ చుట్టుపక్కల పది కిలోమీటర్ల దాంక మనిషే లేడు" అన్నాడు.

"ఊరుకోవయ్యా నువ్వు" అన్నాడు డ్రైవర్.

నేను దిగాను. మసీదు ఏదని అడిగాను. అంగడి ఏదని అడిగాను. కళ్ళ ముందు ఏమీ లేదని తెలుస్తూనే ఉంది, అయినా అడిగాను. ఆ జగిత్యాల మనిషి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. సూడానీ ఒకడు ఉండేవాడని డ్రైవరే చెప్పాడు. దూరంగా ఇంకో దొడ్డిలో పనిచేసేవాడట, మా ఆయన వచ్చిన నెలకే వాళ్ళ దేశం వెళ్ళిపోయాడట. లబన్ వారానికి ఒకసారి ఈ డ్రైవరే డబ్బాల్లో తెచ్చి ఇచ్చేవాడట. పిల్లలు ఎవరూ లేరు. ముసలామె లేదు. గొర్రెల మధ్యనుంచి ఒక మేక మాత్రం ఎడమకాలు ఎగేసుకుంటూ వచ్చి వల దగ్గర నిలబడింది.

గదిలోకి వెళ్ళాను. ఒక మంచం, గ్యాస్ పొయ్యి, గోడకు రెండు మేకులు. మంచం పక్క గోడ మీద బాల్ పెన్నుతో ఏదో రాసి ఉంది. దగ్గరికి వెళితే అది మా ఆయన చేతిరాత.

'ముసలామె - కుంటి మేక - ఎడమకాలు. సూడానీకి ముగ్గురు పిల్లలు. పెద్దోనికి పెండ్లి కుదిరిందని చెప్పినా. మసీదుకు సున్నం కొట్టినారని చెప్పినా. దారి పూడిపోయిందని రెండుసార్లు చెప్పినా, మళ్ళా చెప్పకూడదు.'

గోడ మీద అట్లా ఒక మూరెడు పొడుగున రాసుకున్నాడు. చెప్పింది మరిచిపోయి ఇంకోలా చెబితే నేను పట్టుకుంటానని.

"ఏందో కత రాసుకున్నడనుకున్న అక్కా. తుడవబుద్ధి గాలె" అన్నాడు వెనకనుంచి జగిత్యాల మనిషి.

"ఫోన్ యాడ మాట్లాడేటోడు?" అని అడిగాను.

అతను బయటికి తీసుకొచ్చి ఇసుక కొండ చూపించాడు. "మీదికెక్కాలె. సిగ్నల్ ఆడనే దొరుకుతది. నేను వారానికోసారి ఎక్కుత. ఆయన రోజూ ఎక్కేటోడని జెప్పిండు గీ అన్న."

నేను ఎక్కాను. డ్రైవర్ వద్దన్నాడు, వినలేదు. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కాను. రెండడుగులు వేస్తే ఒక అడుగు కిందికి జారుతుంది. సగానికే ఊపిరి అందలేదు, ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడ్డాను. నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఆయనకు యాభై, షుగర్, మసక చూపు. పగలంతా గొర్రెల వెంట తిరిగి ఈ కొండెక్కి రోజూ నాకు ఫోన్ చేశాడు. ఆలస్యమైందని నేను తిట్టినరోజు కూడా ఎక్కాడు.

పైన గాలి తప్ప ఏమీ లేదు. ఎటు చూసినా ఇసుకే, ఒక దిక్కున చాలా దూరంలో మెసయీద్ ఫ్యాక్టరీల పొగ. ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. "నాకెందుకు చెప్పలేదు?" అని గట్టిగానే అన్నాను. చెబితే నేను ఏం చేసేదాన్ని? పని మానేసి ఇంటికి పోదాం పద అనేదాన్ని. కూతురి చదువు, సగం కట్టిన ఇల్లు గుర్తు చేసుకుని మళ్ళీ నేనే నోరు మూసుకునేదాన్ని. ఆయనకు అది తెలుసు.

నేనూ ఆయనకు అన్నీ నిజాలే చెప్పలేదు. మేడమ్ నాకు కిటికీ ఉన్న గది ఇచ్చిందని, కిటికీలోంచి వేపచెట్టు కనిపిస్తుందని చెప్పాను. నేను పడుకునేది వాషింగ్ మెషీన్ పక్కన, ఇస్త్రీ చేసే చోట. ఆ వేపచెట్టులో చిగుళ్ళు వచ్చాయని కూడా ఒకసారి చెప్పాను. ఆయన నమ్మి సంతోషపడ్డాడో, నమ్మినట్టు నటించాడో ఇక తెలిసే దారి లేదు.

ఫోన్‌కి సిగ్నల్ వచ్చి మెసేజ్‌లు టకటకా మోగాయి. కూతురు వాయిస్ పెట్టింది. "మా, ఊరు చేరినావా? ముసలామె కనపడిందా? ఫోటో పంపు." నేను ఇసుక కొండ ఫోటో తీసి పంపాను. "చేరినా. సాయంత్రం మాట్లాడతా" అన్నాను.

దిగొచ్చాక ముగ్గురం పాక నీడలో చిత్రాన్నం తిన్నాం. ఇద్దరికీ శనక్కాయ ఉంటలు పెట్టాను. శాలువా జగిత్యాల మనిషికిచ్చాను. ఆడవాళ్ళదని నేను సంకోచించినా, చలికి ఏదైతేనేం అని తీసుకున్నాడు. బిస్కెట్లు, చాక్లెట్లు డ్రైవర్‌కిచ్చి, ఎవరైనా పిల్లలకు ఇవ్వమన్నాను. కొంచెంసేపటికి జగిత్యాల మనిషి తనంతట తనే అన్నాడు.

"నేనైతే మా ఇంట్ల నిజమే జెప్పిన అక్కా. ఒక్కన్నే ఉంటున్న అని. ఫోన్ జేసిన ప్రతిసారి ఆమె ఏడుసుడే. మీ ఆయన జేసిందే నయమేమో."

వచ్చేముందు గదిలోకి వెళ్ళి గోడమీది రాత ఫోటో తీసుకున్నాను. పొద్దు వాలకముందే డ్రైవర్ నన్ను మెసయీద్‌లో బస్సెక్కించాడు. బస్సులో ఏడ్చాను. పక్క సీటులో నేపాలీ అమ్మాయి నీళ్ళ సీసా ఇచ్చింది.

ఆ సాయంత్రం కూతురితో ఊరు చూశానని చెప్పాను. ముసలామె నన్ను పట్టుకుని ఏడ్చిందన్నాను. ఆ తర్వాత ఏడాది పాటు ఆ అబద్ధాన్నే నిలబెట్టుకుంటూ వచ్చాను.

పోయిన ఎండాకాలం సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె పదో తరగతి పాసై ఉంది. నా అంత ఎత్తు పెరిగింది. పెద్దదైంది, తండ్రి తనకోసం ఏం చేశాడో తెలియాలనుకున్నాను. మా అక్క ఇంటి మేడ మీద ఒక మధ్యాహ్నం అంతా చెప్పాను. గోడమీది రాత ఫోన్లో చూపించాను. ఆమె ఫోటో పెద్దది చేసి ప్రతి అక్షరం చదివింది. చదివి ఫోన్ నా చేతికిచ్చింది.

"నాకెందుకు చెప్పినావు మా?" అంది.

"నీకు తెలియాలని."

"నాయన ఆడ అందరి మధ్యలో ఉన్నాడనుకున్యా. పానం పోయిన రోజు గూడా పక్కన ఎవరో ఒకరు ఉండారనుకున్యా. ఆ ఊరన్నా నాకు ఉండనీకపోతివి."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు మామూలుగానే అన్నం పెట్టించుకుంది, జడ వేయించుకుంది. నేను తిరిగి వచ్చేరోజు బస్టాండుకు వచ్చింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను. తిన్నావా అంటుంది, తిన్నానంటాను. కాలేజీ ఎట్లుంది అంటాను, బాగుండాది అంటుంది. ఇక్కడి సంగతులు ఆమె అడగదు. అడిగితే నిజం చెబుతాననీ ఆమెకు భయమే, అబద్ధం చెబుతాననీ భయమే.