కొసరు మాన్పించినవాణ్ణి

ఎనిమిదేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. ఇంట్లో చెప్పలేదు. ఆఫీసులో అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

పల్లెల్లో చిన్న కొట్లు పెట్టుకున్నవాళ్లకు వ్యాపారం ఎలా చేయాలో నేర్పడం నా ఉద్యోగం. నేనెప్పుడూ కొట్టు నడపలేదు. అంతకుముందు టైపు కొట్టుకునేవాణ్ణి. కానీ తోటపల్లి గూడూరు దగ్గర ఒక ఊళ్లో, మొదటిరోజు క్లాసులో ఆడవాళ్లంతా నన్ను ఎగాదిగా చూస్తుంటే, నేనూ పదేళ్లు కొట్టు నడిపినవాణ్ణే అని అనేశాను. ఎందుకన్నాను? నమ్మరేమోనని భయం. నమ్మారు. అందరికంటే ఎక్కువ నమ్మింది ఖాదర్‌బీ.

ఆమెది ఇంటి వసారాలో ఎండుచేపల కొట్టు. భర్త పోయాక ఇల్లు నడిచింది దానిమీదే. తూకం వేశాక పైన గుప్పెడు ఎండు నెత్తళ్లు కొసరు వేసేది. అది దండగ, మానేయమన్నాను. నాకిచ్చిన పుస్తకంలో అలాగే ఉంది. ఆమె పక్కామెతో, "సారు కొట్టు నడిపినోరు గదా, తెలిసే చెప్తారు" అంది. "కొసరు అడగవద్దు" అని అట్టముక్క మీద రాసి ఆ కొట్టు గోడకు తగిలించింది కూడా నేనే.

అక్కడ కొసరంటే సరుకు కాదు, నువ్వు మా మనిషివని చెప్పడం. నాకు తెలియదా? కొసరు వేయని కొట్టు గడప మా అమ్మ తొక్కేది కాదు. తెలిసే, పుస్తకం పట్టుకుని వేలాడాను.

ఆరు నెలలకు మా ఆఫీసరుతో కలిసి మళ్లీ వెళ్లాను. ఊరి మొదట్లో టీ పోసే ఆవిడ నన్ను పక్కకు పిలిచి చెప్పింది, ఖాదర్‌బీకి పొగరెక్కిందని జనం వేరే కొట్టుకు పోతున్నారని. ఆమె కొట్టుకు వెళ్లేసరికి సగం బుట్టలు ఖాళీ. అట్టముక్క అలాగే ఉంది. ఆమె లేచి నిలబడింది.

"మీరు చెప్పినట్టే చేసినాను సార్. యాడ తప్పు చేసినానో చెప్పండి, దిద్దుకుంటా."

ఆఫీసరు నా వైపు చూశారు.

"నీకు ఓపిక తక్కువక్కా. నేను చెప్పింది సరిగ్గా చెయ్యలా," అన్నాను.

"అంతేలే సార్" అని తల దించుకుంది. ఆ రోజు ఆఫీసుకిచ్చే కాగితంలో ఆమె పేరు ఎదురుగా "ఆసక్తి లేదు" అని రాశాను. మరి కొన్నాళ్లకు కొట్టు మూసేసింది.

ఆ అట్ట పీకి పారేసి, మళ్లీ కొసరు వెయ్యక్కా, తప్పు నాదే అని ఉంటే కొట్టు నిలబడేదేమో. ఎందుకు అనలేకపోయాను? ఉద్యోగం పోతుందనా? అది పోయేది కాదు. తప్పు నాదంటే, మీరు కొట్టు నడిపినోరు గదా సార్ అని ఆమె అంటుందని, ఆఫీసరు ముందు నా అబద్ధం బయటపడుతుందని, పదేళ్ల కొట్టు ఎక్కడయ్యా అని అడుగుతారని. నా పరువు కోసం ఆమె బతుకుదెరువు పోగొట్టాను.

పోయిన నెల ఒక రొయ్యల షెడ్డుకు పనిమీద వెళ్లాను. రొయ్యలు వలిచే వాళ్లలో ఖాదర్‌బీ కనిపించింది. వేళ్లు ఐసునీళ్లకు పాలిపోయి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి సంబరంగా పక్కవాళ్లకు చూపించింది.

"మా సారు. బంగారంగా చెప్పినారు. నాకే చేతకాలా."

నేను నవ్వాను. అవును, నవ్వి వచ్చేశాను.

ఆమెకు చేతనవును. చేతకానివాణ్ణి నేను. ఇది ఆమె ముందు అనాల్సిన మాట, అనలేదు. మీతో అన్నాక గుండె కాస్త తేలికపడింది. ఆమె ఇంకా తనదే తప్పనుకుంటూ ఉండగా నాకిలా తేలికపడటం సిగ్గుగా ఉంది.