ప్రసన్నకుమారి చెవి

గనుల ఊరు కిరందుల్‌లో ఇనుప ధూళి పడని వస్తువు లేదు. ఆరేసిన బట్టల మీద, అన్నం గిన్నె మూత మీద, కంప్యూటర్ల పొట్టలో కూడా ఎర్రగా పేరుకుంటుంది. చర్చి వెనక సందులో ప్రసన్నకుమారి దుకాణానికి వచ్చేవన్నీ అలాంటి పాత మిషన్లే. కొత్తవి ఆమె ముట్టుకోదు.

ఆమె తండ్రి, దేముడనే ఆయన, శృంగవరపుకోట వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవాడు. ఖనిజం బండి కదిలే ముందు ఒక్కో చక్రాన్ని సుత్తితో తట్టి వినేవాడు. మంచి చక్రం మోగుతుంది. పగులున్నది మూలుగుతుంది. అన్నం క్యారేజీ పట్టుకెళ్ళిన కూతురు పట్టాల పక్కన నిలబడి ఆ తేడా నేర్చుకుంది. ఇప్పుడు ఏ మిషన్ వచ్చినా వెంటనే స్క్రూ విప్పదు. పెట్టెకు చెవి ఆనించి, స్విచ్ వేయమంటుంది.

ఆ వానాకాలం నీలకంఠం తన ఫోటో స్టూడియో కంప్యూటర్ తెచ్చాడు. వెంట జగర్గుండా ఊరి రైతు లక్మా ఉన్నాడు. లక్మా భార్య మంగి ఎండాకాలంలో పోయింది. ఎప్పుడో ఇద్దరూ బజారుకు వచ్చి నీలకంఠం దగ్గర ఒక ఫోటో తీయించుకున్నారు. ఇంట్లోది చెదలు తినేసింది. ఇక మంగి ముఖం ఉంటే ఈ పెట్టెలోనే ఉండాలి.

"జగదల్పూర్‌లో చూపించానమ్మా. డిస్కు పోయింది, అంతా తుడిచేసి మళ్ళీ ఎక్కించాలన్నారు," అన్నాడు నీలకంఠం.

"తుడిస్తే ఏమైతది దీదీ?" అని అడిగాడు లక్మా.

"ఫోటోలు పోతాయి."

"అట్లయితే తుడవకు."

ఆమె చెవి ఆనించింది. డిస్కు సన్నగా, ఒకే తీరున తిరుగుతోంది. చచ్చిపోయే డిస్కు టకటకా కొట్టుకుంటుంది. ఇది కొట్టుకోవడం లేదు. తెర మీద మొదటి బొమ్మ వచ్చింది, నీలం రంగు మెరిసింది, మళ్ళీ మొదటికి పోయింది.

"డిస్కు బతికే ఉంది మావయ్యా. దాన్ని లేపేదేదో దారి తప్పింది."

ధూళి అనుకుంది. బ్రష్షుతో దులిపింది, కేబుల్ మార్చింది. మళ్ళీ అదే నీలం. తర్వాత మిషన్ తన సంగతులు గుర్తుపెట్టుకునే పేజీ తెరిచింది. తేదీ ఏనాటిదో జనవరి ఒకటి.

"మావయ్యా, కొట్టు కట్టేసేటప్పుడు ఏటి చేస్తావు?"

"ఏటి చేస్తాను, ప్లగ్గు పీకేస్తాను. ఈ కొండ మీద పిడుగులు నీకు తెలీవా?"

తెలుసు. బైలాడిల్లా కొండల కింద ప్లగ్గు పీకని ఇల్లు లేదు. ఆమె ఇంట్లోనూ అంతే. ప్లగ్గు పీకితే మిషన్ జ్ఞాపకాన్ని లోపలున్న బిళ్ళంత బ్యాటరీ ఒక్కటే మోయాలి. ఎన్నో వానాకాలాలు మోసి, అది అయిపోయింది. తేదీ పోయింది. దాంతోపాటు డిస్కుతో మాట్లాడే చిప్పు పాత పద్ధతి మరిచి, ఫ్యాక్టరీలో పెట్టిన కొత్త పద్ధతికి వెళ్ళిపోయింది. పాత సిస్టమ్‌కు ఆ పద్ధతి తెలియదు. అందుకే గుమ్మంలోనే పడిపోతోంది.

బిళ్ళ మార్చింది. తేదీ దిద్దింది. డిస్కు పద్ధతిని పాతదానికి తిప్పింది. ఈసారి నీలం మెరవలేదు. స్టూడియో తెర నిలబడింది.

లక్మా లేచాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"కూర్చో దాదా. ముందు అన్నీ ఇంకో డిస్కులోకి దింపాలి. ఇవాళ లేచింది, రేపు లేస్తుందని చెప్పలేను."

"వానకు ఎదురుచూసేటోన్ని దీదీ. కూసుంట."

దింపడం అయ్యేదాకా ఆమె పెట్టె మీంచి చెవి తీయలేదు. అప్పుడు ఫోటో తెరిచింది. రంగులేసిన జలపాతం తెర ముందు, లక్మా పక్కన మంగి, బిగించిన మూతితో.

"నవ్వమంటే నన్ను తిట్టింది," అన్నాడు నీలకంఠం.

లక్మా చాలాసేపు చూశాడు. "ఇప్పుడు గూడ తిడుతనే ఉంది. ఇంత ఆలస్యమేందని."

కొండ మీద ఉరిమింది. నీలకంఠం చెయ్యి ప్లగ్గు దాకా వెళ్ళి ఆగింది. ఆమె వైపు చూశాడు.

"ముందు మిషన్ ఆపు, తర్వాత పీకు మావయ్యా. పిడుగు పిడుగే. బిళ్ళ మాత్రం మారుస్తూ ఉండు."

ఫోటో అచ్చు తీసేది స్టూడియోలోనే. పెట్టెను లక్మా ఎత్తుకున్నాడు. నీలకంఠం గొడుగు విప్పి, పెట్టె మీద పట్టాడు. ఇద్దరూ తడుస్తూ సందు దాటారు.