మా ఆయన మీద వ్యానెడు కంప్లైంట్లు

మా ఆయన ఐజాక్ వైట్‌ఫీల్డ్‌లో స్కూలు వ్యాను నడుపుతాడు. ఆయన గొప్పంతా ఒక్కటే, ఇన్నేళ్ళలో తన మీద ఒక్క కంప్లైంటు లేదని. చర్చిలో సాక్ష్యం చెప్పమన్నా అక్కడి నుంచే మొదలుపెడతాడు. దేవుడి దయ గురించి చెప్పవయ్యా అంటే వ్యాను గురించి చెప్తాడు. విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

వ్యానులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా సరోజమ్మ, కూతురి కాన్పుకని మాలూరు పోయింది. ఆడమనిషి లేకుండా వ్యాను కదలకూడదని స్కూలువాళ్ళ రూలు. అందుకని ఆ వారం నన్ను కూర్చోబెట్టాడు. నా ఖర్మ కాకపోతే ఏడో తరగతి వాళ్ళకి ఆ వారమే ఇంగ్లీషు పరీక్ష వచ్చింది. మామూలు పరీక్ష కాదట. అన్ని స్కూళ్ళకీ ఒకే పేపరట, సగం గ్రామరూ సగం రాయడమూనట.

నేనెక్కిన మొదటిరోజే పరీక్ష. మధ్యాహ్నం వ్యానెక్కారో లేదో అందుకున్నారు.

"థర్డ్ వన్ బీ కదా?"

"కాదు, సీ!"

"అయ్యో, నాది పోయింది! మా మమ్మీ చంపేస్తుంది!"

రాసిన పరీక్షని వ్యానులో మళ్ళీ రాయడం ఏం జబ్బో నాకు అర్థం కాదు. ఇక్కడ మార్చుకుంటే అక్కడ మారుతుందా? నవ్య అనే పిల్ల అప్పుడే ఏడుపు మొహం పెట్టింది. జోనా దాని చేతిలో పేపరు లాక్కున్నాడు, ఇంకొకడు వాడి మీద పడ్డాడు, నీళ్ళ సీసా మూత ఊడి నా చీరంతా తడిసింది. "కూర్చోండ్రా నాయనా!" అని అరిచి అరిచి నా గొంతు పోయింది.

ఇంతలో నవ్య కళ్ళు తుడుచుకుని, "లెటర్‌లో ఏం రాశారు?" అని అడిగింది. అసలు తంటా అక్కడ మొదలైంది. స్కూలు వ్యానులో పడే ఇబ్బందుల గురించి ప్రిన్సిపాల్‌కి కంప్లైంటు లెటరు రాయాలట.

"నేను ర్యాష్ డ్రైవింగ్ అని రాశా," అన్నాడు జోనా.

"నేను రోజూ లేట్ అని, ఫోన్ మాట్లాడుతూ నడుపుతాడని," అంది నవ్య.

"నేనైతే డ్రైవర్ తాగి వస్తాడని పెట్టా. స్ట్రాంగ్‌గా ఉంటుందని," అన్నాడు వెనక సీట్లో ఒకడు.

బ్రేకు పడింది. నా తల ముందు సీటుకి కొట్టుకుంది.

"ఎవుర్రా తాగేది?" మా ఆయన వెనక్కి తిరిగాడు. "నాకు బీరు వాసన గూడా తెలీదు!"

"మీరు కాదంకుల్. ఊరికే డ్రైవర్ అని."

"ఈ వ్యానుకి ఇంకెవుడుండాడప్పా డ్రైవరు?"

"అది ఇమాజినేషన్ అంకుల్, మార్కుల కోసం," అన్నాడు జోనా. "ప్రిన్సిపాల్ చూడరు. పేపర్లు దిద్దేది బయటివాళ్ళు."

"బయటోళ్ళా? అంటే ఊరంతా చదువుతాదా!"

వెనక హారన్లు చెవులు పగలగొడుతున్నాయి. "దండం పెడతా, ముందు చూసి తోలు," అన్నాను. తోలాడు గానీ నోరు మూయలేదు. దిగే ప్రతి పిల్లనీ, పిల్లవాణ్ణీ తలుపు దగ్గర నిలబెట్టి ఏం రాశావని అడగడం, వాళ్ళు చెప్పింది విని నుదురు కొట్టుకోవడం. "ఏమన్నా ఉంటే మొగం మీదనే చెప్పల్ల! చెప్తే విననా నేను? ఇన్నేండ్లలో ఒక్కరన్నా చెప్పినారా?" అని ప్రతి స్టాపులోనూ అదే పాట. వాళ్ళు "సారీ అంకుల్" అనడం, దిగగానే కిసుక్కున నవ్వడం. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది.

చివరికి మేఘన ఒక్కతే మిగిలింది. పాతూరి వైపు పిల్ల. దారిపొడుగునా నోరు విప్పలేదు.

మెయిన్ రోడ్డు మీద, వాళ్ళ సందు మొదట్లో వ్యాను ఆపాడు. "నువ్వేం రాసినావు మా? నువ్వు గూడా నాకు తాపించినావా?"

"లేదంకుల్. మా సందులోకి వ్యాను రాదని రాసినా."

వాళ్ళ ఇల్లు ఆ సందు చివర. లోపలికి పోతే తిప్పుకోను చోటుండదు, రివర్సులో రావాలి. అందుకని ఈ మహానుభావుడు రోజూ రోడ్డు మీదే దింపేస్తాడని నాకు అప్పుడు తెలిసింది.

"చెత్తకుప్ప కాడ కుక్కలుంటాయి. వెంటపడతాయి. మొన్న పడిపోయినా," అంటూ ఆ పిల్ల సాక్సు కిందికి లాగింది. మోకాలి కింద ఇంత పొడుగున చెక్కు కట్టిన గాయం.

మా ఆయన గొంతు తగ్గింది. "నాకు చెప్పొచ్చు గదమ్మా."

"చెప్పినా కదంకుల్. చెప్పినప్పుడల్లా 'సరే సరే, దిగు దిగు, వెనక బండ్లుండాయి' అంటారు."

 నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మొగుడని కూడా చూడకుండా అనేశాను, "చెవిన పెట్టని మనిషికి కంప్లైంట్లు ఎట్లా వస్తాయి?" అని.

ఆయన గేరు మార్చాడు. వ్యాను సందులోకి తిప్పాడు. అద్దాలు గోడలకి తగలకుండా మడిచాడు. కుక్కలు మొరుగుతూ చక్రాల వెంట పరిగెత్తాయి. మేఘన వాళ్ళ గేటు ముందు ఆపి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"చివర్లో ఏం రాసినావు మా? ఏం చెయ్యమని?"

ఆ పిల్ల బ్యాగు పట్టీ నలుపుతూ కూర్చుంది. "డ్రైవర్‌ని మార్చమని, అంకుల్."

 ఆయన స్టీరింగు మీద చెయ్యి తియ్యలేదు.

"మార్కులొస్తాయా దానికి?"

"వస్తాయంకుల్."

"రావల్ల," అన్నాడు. "పైలంగా దిగు. రేపు పొద్దున ఇంటిముందుకే వస్తా."

ఆ పిల్ల లోపలికి పోయి గేటు వేసుకునేదాకా ఉండి, రివర్సు గేరు వేశాడు. సందు మధ్యలో ఒక స్కూటరాయన అడ్డం పడి, ఇంత బండిని ఈ సందులోకి ఎందుకు తెచ్చావని తిట్లకి లంకించుకున్నాడు. ఒక మాటంటే నాలుగు మాటలు అప్పజెప్పే మనిషి మా ఆయన. ఇక గొడవేనని కొంగు దోపుకున్నాను. ఆయన అద్దం దించి, ఇంజన్ ఆపేశాడు.

"చెప్పన్నా," అన్నాడు. ఆ స్కూటరాయన తిట్టడం అయిపోయేదాకా విన్నాడు.