మావయ్య చెప్పులు

ఆదివారం ఆరాధనకు బయల్దేరుతుండగా, గరివిడిలో మా అత్త, నాన్నకు చెల్లెలు, పోయిందని ఫోనొచ్చింది. "మీ అత్త ఎల్లిపోనాదమ్మా" అని మావయ్య పెట్టేశాడు. రావలసిన కబురే. మెదడు అడుగున శనగగింజంత పీయూష గ్రంథిలో పుట్టిన కణితి ఆమెను కొన్నేళ్లుగా తినేస్తోంది.

నాట్లు వేస్తూ పెరిగిన మనిషి. వేళ్లు లావెక్కితే, కష్టం చేసిన చేతులు ఇలాగే ఉంటాయనేది. మేమూ అదే అనుకున్నాం. తన చెప్పులు బిగుతైతే మావయ్యవి తొడుక్కుని చర్చికి వచ్చేది. ఆయన ఉత్తికాళ్లతో వెనక నడుస్తూ, పెళ్లాం చెప్పులు కూడా లాగేసుకుందని ఊరంతా చెప్పుకునేవాడు. ఎంత నవ్వామో! ముఖం మారుతోందని, గొంతు బరువెక్కుతోందని వారం వారం చర్చిలో చూసే మాకెవరికీ తట్టలేదు. తలనొప్పి ఆగక, పక్కన నిలబడ్డ మనిషి కనపడకపోయాకే విశాఖ తీసుకెళ్లాం.

వేళ్లూ పాదాలూ పెరిగింది ఆ కణితి వల్లేనని అక్కడే తెలిసింది. ముక్కులోంచి వెళ్లి కణితి తీశారు. మళ్లీ పెరిగింది, మళ్లీ తీశారు. ఈసారి ఆ ముక్కను పరీక్షకు పంపారు. కణాల పైపొర మీద గ్రాహకాలనేవి ఉంటే ఒక రకం మాత్ర వాటిని పట్టుకుని పెరుగుదలను ఆపొచ్చని డాక్టరు చెప్పాడు. ఆ ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడలేదు. గ్రాహకాలు లేవని తేలింది. పైగా కణాలు జోరుగా చీలిపోతున్నాయట.

అత్తే అడిగింది. "అంటే మందొస్తాది గానీ, లోపల తలుపు తీసీవోళ్లు లేరు. అంతేనా బాబూ?"

డాక్టరు తలూపాడు. తర్వాత కరెంటు, అదే రేడియేషన్, పెట్టించాం. అదీ అయిపోయింది.

చిన్నప్పుడు నాకు పాటలు నేర్పింది ఆమే. పదో తరగతి తప్పి ఏడుస్తుంటే ఎవరినీ దగ్గరకు రానివ్వకుండా, చేపల పులుసు కలిపి ఆ పెద్ద చేతులతోనే తినిపించింది. ఉపవాస ప్రార్థనకు వచ్చినవాళ్లు స్వస్థత కలుగుతుందంటే వినేది, వాళ్లు వెళ్లాక మాత్రం, "సాలు అని నా ఒంటికి సెప్పడం దేవుడు మర్సిపోనాడే" అనేది. చివర్లో చూపూ పోయింది. ఆఖరికి ఆమెకు నెమ్మది దొరికిందని రాయాలని ఉంది. దొరకలేదు.

బట్టలు పంచేశాం. ఆమె కోసం ఆఖరున కొన్న చెప్పులు ఎవరికీ సరిపోలేదు. మొన్న ఆదివారం మావయ్య అవే తొడుక్కుని చర్చికొచ్చాడు. ఆయనకూ వదులే. మెట్లెక్కుతుంటే ఒకటి జారి కింది మెట్టు మీద ఉండిపోయింది. వెనక్కి దిగలేదు, పైకి రాలేదు. ఒంటి చెప్పుతో అక్కడే నిలబడి దాన్నే చూస్తున్నాడు.