మా అమ్మాయి టేఫ్‌లోనే చదివింది

మా అమ్మాయి పోయింది. తలలో నరం చిట్లిందన్నారు డాక్టర్లు. పొద్దున టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, తల నొప్పిగా ఉందమ్మా అని పడుకుంది. మళ్ళీ లేవలేదు. క్లైడ్ నార్త్‌లో ఉన్న మీ అందరికీ మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రమే ఈ వార్త చేరింది. అందులో ఒక మాట తప్పు పడింది. అది సరిచేయడానికే ఇది రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి. ఎక్కడన్నా తడబడితే మీరే సర్దుకుని చదువుకోండి.

"యూనివర్సిటీలో నర్సింగ్ చదువుతున్న అమ్మాయి" అని ఉంది ఆ వార్తలో. రాసింది మా వీధి చివర ఉండే పెద్దాయన. పిల్లలంతా అంకుల్ అంటారు, నేను అన్నయ్యగారూ అంటాను. మంచి మనిషి. ఆసుపత్రిలో మా పక్కనే కూర్చున్నారు, మాకు అన్నం తెచ్చిపెట్టారు. అయినా అడగకుండా ఉండలేకపోయాను. గౌరవంగా ఉంటుందని అలా వేశాను చెల్లెమ్మా అన్నారు.

"మా అమ్మాయి దాచుకోనిది మీరెందుకు దాచారు అన్నయ్యగారూ?"

తప్పు ఆయన ఒక్కరిదే కాదులెండి. మన ఇళ్ళల్లో పుట్టినరోజైనా వ్రతమైనా, పిల్లలు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అడిగే మాట ఒకటే. ఏ యూని? టేఫ్ అని, అంటే పని నేర్పి డిప్లొమా ఇచ్చే సర్కారు కాలేజీ అని చెబితే, అడిగినవాళ్ళ మొహం కాస్త పక్కకి తిరుగుతుంది. మార్కులు తగ్గాయా అమ్మా అని ఒకావిడ నలుగురిలో అడిగింది. "అవును ఆంటీ, తగ్గాయి. సాంబార్ ఇంకొంచెం వెయ్యనా?" అని గరిటె పట్టుకుని నిలబడింది మా పిల్ల. ఆవిడే తడబడి పళ్ళెం ముందుకి చాపింది.

తను టేఫ్‌లో నర్సింగ్ డిప్లొమాలో చేరింది. మొదటిసారి యూనిఫాం వేసుకున్న రోజు, చొక్కాకి ఒక చిన్న గడియారం పిన్నుతో తగిలించుకుంది. చూస్తే తలకిందులుగా వేలాడుతోంది. హడావుడిలో తప్పు పెట్టుకుందనుకుని నేను తిప్పబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండమ్మా. ఇది నేను చూసుకోవడానికి, ఎదుటివాళ్ళకి కాదు." ఆ మాటకి ఇద్దరం నవ్వుకున్నాం.

మొదటి ఏడాది చివర్లో ఒక యూనివర్సిటీ సీటు ఇస్తామంది. వాళ్ళ నాన్న ఆనందం పట్టలేక మైసూర్‌పాక్ తెచ్చి, వీధంతా పంచి వచ్చారు. పిల్ల పార్ట్‌టైమ్ పని నుంచి వచ్చేసరికి అటూ ఇటూ అందరూ కంగ్రాట్స్ చెబుతున్నారు. మిగిలిన ముక్కలున్న డబ్బా చేతిలోకి తీసుకుని, "నాన్నా, ఇట్స్ ఓన్లీ యాన్ ఆఫర్. నేనింకా యెస్ చెప్పలేదు" అంది. ఒక ముక్క మాత్రం తింది.

ఆయన నాలుగు రోజులు అలిగారు. చేతికొచ్చినదాన్ని ఎవరైనా కాదనుకుంటారా అని ఆయన గోల. నాకు అర్థమయ్యేలా తనే విడమరిచి చెప్పింది. ఇప్పుడు వెళ్తే మళ్ళీ మొదటి ఏడాది నుంచి మొదలు. డిప్లొమా పూర్తిచేసి వెళ్తే నేరుగా రెండో ఏడాదిలో కూర్చోవచ్చు, మధ్యలో నర్సుగా పని కూడా చేసుకోవచ్చు. అవన్నీ చెప్పి, అసలు సంగతి చివర్న చెప్పింది. "సూది పట్టుకుంటే నాకింకా చెయ్యి వణుకుతోందమ్మా. అది ఆగాక వెళ్తా. అప్పటిదాకా ఎవరడిగినా టేఫ్ అనే చెప్పు. గట్టిగా చెప్పు."

చెయ్యి కుదరడానికి ఇంట్లో కమలాపళ్ళకి సూది గుచ్చేది. సిరంజిలో నీళ్ళు నింపి, ఒక్కోదానికీ సారీ చెబుతూ గుచ్చేది. వాళ్ళ నాన్న తెలియక ఒకటి ఒలుచుకుని తిని, ఈ దేశంలో పళ్ళు ఇంత చప్పగా ఉంటాయేంటే అన్నారు. అప్పుడు మేం నవ్విన నవ్వుకి ఆయన అలక కూడా పోయింది. వంటింట్లో నేను కూరలు తరుగుతుంటే, నా పక్కనే నిలబడి గుచ్చేది. ఆ చెయ్యి వణకడం మానడం నేను కళ్ళారా చూశాను.

డిప్లొమా పూర్తయింది. ముసలివాళ్ళని చూసుకునే ఒక హోమ్‌లో నర్సుగా చేరింది. కొన్నాళ్ళు చేశాక ఒకరోజు తనే వచ్చి, ఇప్పుడు రెడీ అమ్మా అంది. రెండో ఏడాదిలో సీటు వచ్చింది. ఈసారి మైసూర్‌పాక్ తనే తెచ్చింది. క్లాసులు మొదలయ్యేలోపే పోయింది.

ఇప్పుడు కొందరు నా దగ్గర కూర్చుని, పాపం, అప్పుడే వెళ్ళి ఉంటే యూని అన్నా చూసేది కదా అంటున్నారు. ఆ మాట ఇంకోసారి నా ముందు అనొద్దు. నా మీద ప్రేమతో అన్నా సరే, అనొద్దు. ఎప్పుడు వెళ్ళాలో నా కూతురు బాగా ఆలోచించుకునే నిర్ణయించుకుంది. చావు ముందే వచ్చినంత మాత్రాన ఆ నిర్ణయం తప్పు అయిపోదు. తను చదువు సగంలో వదిలేసిన పిల్ల కాదు. పోయేనాటికి నర్సు.

అంత్యక్రియలకి ఆ హోమ్ నుంచి ఒక తెల్లావిడని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. మా అమ్మాయి ఆవిడకి రోజూ ఇన్సులిన్ ఇచ్చేదట. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "షి నెవర్ హర్ట్ మీ" అంది. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు.

అన్నయ్యగారు వార్త మార్చి వేయడానికి కూర్చున్నారు. యూనిలో సీటు వచ్చిన సంగతి కూడా రాయనా చెల్లెమ్మా అని అడిగారు. రాయండి, కానీ టేఫ్ ముందు రాయండి అన్నాను. అలాగే రాశారు.

నేను మళ్ళీ పనికి వెళ్తున్నాను. క్యాటరింగ్ వంటగదిలో కూరలు తరిగే పని. ఆ గడియారం నా ఏప్రన్‌కి తగిలించుకున్నాను. కొత్తగా చేరిన ఒకమ్మాయి చూసి, ఆంటీ, తలకిందులుగా పెట్టుకున్నారు అని తిప్పడానికి చెయ్యి చాపింది. ఉండమ్మా అన్నాను. తల వంచి చూసుకున్నాను. సన్న ముల్లు ఆగకుండా తిరుగుతోంది. నాకు టైము సరిగ్గానే కనిపిస్తోంది.