రుమియానా పేరు పక్కన ఎర్ర చుక్క

ప్లోవ్‌దివ్ ఊరి పెద్దాసుపత్రిలో దోబ్రింక అంటే అందరికీ కాస్త జంకే. కంప్యూటర్లలో ఉన్న సమాచారం ఏది ఎవరు చూడొచ్చో తేల్చడం ఆవిడ పని. పేరు పక్కన పచ్చ చుక్క ఉంటే ఊరంతా చూడొచ్చు, పసుపైతే ఆసుపత్రి సిబ్బంది చూడొచ్చు, ఎరుపైతే వైద్యం చేసే డాక్టరు ఒక్కరే. అలాగని ఆవిడేమీ మౌనముని కాదు సుమండీ! కాఫీ దగ్గర కబుర్లకి కూర్చుంటే ఓ పట్టాన లేవదు. పని సంగతులకి మాత్రం నోటికి తాళమే.

ఓ సోమవారం పిల్లల వార్డు నర్సు రుమియానా వచ్చి, తలుపేసి మరీ కూర్చుంది.

"అక్కా, నాకు మూడో నెల. పోయినసారి అందరికీ ముందే తెలిసిపోయింది. బిడ్డ నిలవలేదు. పలకరించడానికొచ్చి ఏడ్చినవాళ్ళని నేనే ఓదార్చాల్సొచ్చింది. ఈసారి నా అంతట నేను చెప్పేదాకా ఎవరికీ తెలియకూడదక్కా."

"దిష్టి తగలకుండా చేతికి ఎర్ర దారం కట్టుకున్నావుగా? నీ ఫైలుకీ ఆ రంగే వేస్తాలే, పో!" అంది దోబ్రింక.

వేసింది. అక్కడే పప్పులో కాలేసింది! మర్నాడు కాఫీ దగ్గర లేబొరేటరీలో పనిచేసే పెంకా మొదలెట్టింది: "సిబ్బందందరికీ పసుపు చుక్క, రుమియానా ఒక్కదానికే ఎరుపు. ఏం రోగమొచ్చిందో పాపం!"

దోబ్రింకకి సంగతి అప్పుడర్థమైంది. దాచానని మురిసిపోయింది గానీ, వేలెట్టి చూపించినట్టయింది. కాఫీ అక్కడే వదిలేసి పరుగెత్తింది. మధ్యాహ్నానికల్లా డైరెక్టరు నుంచి వంటమనిషి దాకా అందరి ఫైళ్ళూ ఎరుపే.

అబ్బో, ఆ గోల చెప్పనలవి కాదు! డైరెక్టరుగారు స్వయంగా దిగొచ్చారు.

"ఇదేం చోద్యం? నా కొలెస్ట్రాల్ నేను చూసుకోకూడదా?"

"మీ డాక్టర్నడగండి సార్. ఇన్నాళ్ళూ దానిమీద క్యాంటీన్‌లో పందాలు కడుతున్నారు, తెలుసా?"

ఆయన వచ్చిన దారినే వెనక్కెళ్ళిపోయారు. ఎరుపు అలాగే ఉండిపోయింది. ఇక ఎవరిని చూసి ఏం ఊహించాలో తెలీక పెంకా ఉసూరుమంది.

ఐదో నెల నిండాక రుమియానా చాక్లెట్ల డబ్బాతో క్యాంటీన్‌లోకి వచ్చింది. శుభవార్త ఉన్నవాళ్ళే కదా పంచేది! అందరూ మూగారు.

"ఏంటే విశేషం?"

"ఆడపిల్లట!" అంది రుమియానా పొట్టమీద చెయ్యేసుకుని.

క్యాంటీనంతా కేకలు, కౌగిలింతలు. పెంకా దోబ్రింక మీదకి ఎగబడింది: "నీకు ముందే తెలుసు కదే, దొంగా!"

"నాకా? ఇప్పుడే వింటున్నానమ్మా!" అంటూనే దోబ్రింక, చేతిలో చాక్లెట్ కరిగిపోతున్నా పట్టించుకోకుండా, చిన్నపిల్లలా ఏడ్చేసింది.